చెల్లుకు చెల్లు అనుకున్న పనికి రెండు బిల్లులు: సేవల మార్పిడిపై పన్ను లెక్క రాసుకునే విధానం

బెంగళూరులో మారతహళ్ళి, కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో చిన్న వ్యాపారాలు నడుపుకుంటున్న మన తెలుగువాళ్ళకు లెక్కలు రాసిపెట్టే పనిలో నాకు తరచుగా వినిపించే మాట ఒకటుంది. "అన్నా, నువ్వు మా సరుకుకు ఫొటోలు తీసిపెట్టు, నేను నీకు వెబ్‌సైట్ చేసిపెడతాను, చెల్లుకు చెల్లు." ఊళ్ళో నాట్లకూ కోతలకూ ఒకరి చేనుకు మరొకరు బదులు పనికి వెళ్ళిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి ఈ పద్ధతి మనకు సహజంగానే తోస్తుంది. పెట్టుబడి తక్కువగా ఉన్న తొలి రోజుల్లో ఇది ఎందరికో ఆసరాగా నిలిచింది కూడా. సేవలను మార్చుకోవడాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు. అయితే డబ్బు చేతులు మారలేదు కాబట్టి పన్ను కూడా లేదనే నమ్మకం మాత్రం తప్పు. చట్టం దృష్టిలో అక్కడ రెండు అమ్మకాలు జరిగాయి, ఇద్దరికీ ఆదాయం వచ్చింది, ఇద్దరూ బిల్లు రాయాలి. ఆ రెండు బిల్లులను ఎలా రాయాలో, ఏ సందర్భంలో పన్ను దానంతటదే సరిపోతుందో, ఏ సందర్భంలో అది ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుందో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ముందుగా చట్టం మాట చూద్దాం. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టంలోని 7వ సెక్షన్ "సరఫరా" అనే మాటకు అర్థం చెబుతూ అమ్మకం, బదిలీ, అద్దె, లీజులతో పాటు వస్తుమార్పిడినీ, ఇచ్చిపుచ్చుకోవడాన్నీ పేరు పెట్టి చేర్చింది. అదే చట్టంలోని 2వ సెక్షన్ ప్రతిఫలం అంటే డబ్బు రూపంలో గానీ మరో రూపంలో గానీ ఇచ్చేదని నిర్వచించింది. అంటే మీరు చేసిన ఫొటోల పనికి ఎదుటివారు చేసిన వెబ్‌సైట్ ప్రతిఫలం, ఆ వెబ్‌సైట్‌కు మీ ఫొటోల పని ప్రతిఫలం. ఇందులో వ్యాఖ్యానానికి తావు లేదు.

విలువ కట్టడం

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. చేతికి డబ్బు రానప్పుడు బిల్లులో ఏ అంకె వేయాలి? దీనికి జీఎస్టీ నియమావళిలోని 27వ నియమం ఒక వరుస ఇచ్చింది. మొదట చూడవలసింది మార్కెట్ ధర, అంటే మీతో ఏ సంబంధమూ లేని వ్యక్తి అదే సమయంలో అదే పనిని కేవలం డబ్బు ఇచ్చి చేయించుకుంటే పన్ను కాకుండా ఎంత ఇచ్చేవాడో ఆ మొత్తం. అది తెలియని పక్షంలో, అందిన డబ్బుకు డబ్బు కాని ప్రతిఫలం విలువను కలపాలి. అదీ తెలియకపోతే అదే రకమైన, అదే నాణ్యత గల పనికి ఉన్న ధరను తీసుకోవాలి. అదీ దొరకకపోతే ఖర్చు మీద పది శాతం కలిపే పద్ధతి, చివరగా సహేతుకమైన మరో పద్ధతి ఉన్నాయి. సేవలు అందించేవారు ఖర్చు పద్ధతిని వదిలి నేరుగా ఆ చివరి పద్ధతికి వెళ్ళవచ్చు.

నియమంలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. పాత ఫోన్ తీసుకుని కొత్త ఫోన్‌ను 20,000 రూపాయలకు ఇచ్చినా, మార్పిడి లేకుండా దాని ధర 24,000 అయితే పన్ను 24,000 మీద పడుతుంది. లాప్‌టాప్ మార్కెట్ ధర తెలియనప్పుడు దానికి 40,000 రూపాయల డబ్బూ, 4,000 విలువైన ప్రింటరూ తీసుకుంటే దాని విలువ 44,000 అవుతుంది.

మన పనికి అన్వయిస్తే లెక్క సులువే. గత ఆరు నెలల్లో ఇలాంటి పనికే ఇతరులకు మీరు రాసిన రెండు మూడు బిల్లులు తీసి చూడండి. అక్కడ కనిపించే ధరే మీ మార్కెట్ ధర. స్నేహం కొద్దీ సగానికి తగ్గించి వేసిన అంకె ధర కాదు, ఎందుకంటే ఆ తగ్గింపు ఎదుటివారి పనికి బదులుగా ఇచ్చిందే. ఆ పాత బిల్లుల నకళ్ళను, మీరు వినియోగదారులకు పంపే ధరల పట్టికను ఈ లావాదేవీ ఫైలులోనే ఉంచండి. మూడేళ్ళ తరువాత ఎవరైనా అడిగినప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

ఇద్దరి పనీ విడివిడిగా విలువ కట్టాలన్నది కూడా గుర్తుంచుకోవాలి. మీరు ఇతరుల దగ్గర 60,000 తీసుకునే పనికి, ఎదుటివారు ఇతరుల దగ్గర 80,000 తీసుకునే పనిని బదులుగా పొంది, ఇద్దరూ 60,000కే బిల్లు రాసుకుంటే 80,000 పని చేసినవారి బిల్లు నిలబడదు. తేడాను డబ్బుగా ఇచ్చిపుచ్చుకోవడమే సరైన మార్గం. ఆ లెక్క కింద ఇస్తాను.

బంధువుల మధ్య జరిగే మార్పిడి గురించి ఒక మాట. జీఎస్టీ చట్టంలో కుటుంబం అంటే భార్య లేదా భర్త, పిల్లలు, వీరితో పాటు పూర్తిగా గానీ ప్రధానంగా గానీ మీ మీదే ఆధారపడిన తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు, తోబుట్టువులు మాత్రమే. స్వతంత్రంగా వ్యాపారం చేసుకునే బావమరిది ఆ నిర్వచనంలోకి రాడు. వ్యాపారంలో భాగస్వామి అయితే తప్ప అతనితో చేసే మార్పిడికి కూడా పైన చెప్పిన 27వ నియమమే వర్తిస్తుంది.

పని మొదలుపెట్టక ముందు ఒక పేజీ

మాట మీద నడిచే ఒప్పందాల్లో గొడవలు వచ్చేది పన్ను దగ్గరే. అందుకే పని మొదలు కాకముందే ఒక పేజీ రాసుకోమని నేను అందరికీ చెబుతాను. అందులో ఇద్దరి పేర్లు, చిరునామాలు, పాన్, ఉంటే జీఎస్టీ నంబర్లు, ఎవరు ఏ పని ఎంత మేరకు చేయాలి, పన్ను కాకుండా ఒక్కొక్కరి ధర ఎంత, దాని మీద పన్ను ఎంత, ఆ పన్నును ఎవరు భరించాలి, ఏ తేదీలోపు పని పూర్తి కావాలి, రెండు బిల్లులనూ ఏ తేదీన ఒకదానికొకటి సర్దుబాటు చేయాలి అన్నవి ఉండాలి. ఒకరు పని మధ్యలో ఆపేస్తే అప్పటివరకు జరిగిన పనికి ఎదుటివారు డబ్బు ఇవ్వాలనే వాక్యం తప్పనిసరిగా చేర్చండి. ఆ ఒక్క వాక్యం లేక స్నేహాలు పోగొట్టుకున్నవారిని నేను చూశాను. ఇద్దరూ సంతకం చేసిన ఉత్తరం అయినా, రెండు వైపులా ఒప్పుకున్నట్టు ఉన్న ఈమెయిల్ అయినా సరిపోతుంది.

ఇద్దరికీ జీఎస్టీ నమోదు ఉన్నప్పుడు

ఇది అన్నిటికంటే సులువైన సందర్భం. ఫొటో స్టూడియో యజమాని, వెబ్‌సైట్ తయారుచేసే వ్యక్తి ఇద్దరూ బెంగళూరులోనే సాధారణ పద్ధతిలో నమోదైనవారని, ఒక్కొక్కరి పని 60,000 అని అనుకుందాం. రెండు సేవలకూ పన్ను 18 శాతం. స్టూడియో యజమాని 60,000 మీద కేంద్ర జీఎస్టీ 5,400, రాష్ట్ర జీఎస్టీ 5,400 వేసి 70,800కి బిల్లు రాస్తాడు. వెబ్‌సైట్ చేసిన వ్యక్తి కూడా అంతే మొత్తానికి రాస్తాడు. ఒక్కొక్కరూ 10,800 పన్ను కట్టాలి, ఒక్కొక్కరికీ ఎదుటివారి బిల్లు మీద 10,800 ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు బిల్లులోని పన్నును తాము కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) వస్తుంది. చివరికి ఎవరి జేబు నుంచీ రూపాయి పోదు. ఇంత తేలికగా సరిపోయే లెక్కను దాచిపెట్టి వడ్డీకీ జరిమానాకూ దారి తెరుచుకోవడం చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

పనుల విలువ సమానంగా లేనప్పుడు కూడా దారి ఇదే. వెబ్‌సైట్ ధర 80,000 అయితే ఆ బిల్లు పన్నుతో 94,400 అవుతుంది. ఫొటోల బిల్లు 70,800. తేడా 23,600 రూపాయలను స్టూడియో యజమాని బ్యాంకు ద్వారా చెల్లిస్తే లెక్క ముగుస్తుంది. కేవలం ఆ తేడాకే ఒక బిల్లు రాసి ఊరుకోవడం చాలామంది చేసే పొరపాటు. బిల్లు ఎప్పుడూ పూర్తి విలువకే ఉండాలి, తేడా అనేది చెల్లింపుకు సంబంధించిన విషయం మాత్రమే.

పుస్తకాల్లో రాసుకునే తీరు ఇలా ఉంటుంది. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎదుటివారి పేరు మీద ఒకే ఖాతా తెరవండి. మీ బిల్లును అమ్మకం వోచరుగా రాస్తే ఆ ఖాతాలో 70,800 డెబిట్ పడుతుంది. వారి బిల్లును కొనుగోలు వోచరుగా రాస్తే అదే ఖాతాలో అంతే మొత్తం క్రెడిట్ పడి నిల్వ సున్నా అవుతుంది. ఎదుటివారికి రెండు వేర్వేరు ఖాతాలు ఉంటే ఒప్పందం తేదీని పేర్కొంటూ జర్నల్ ఎంట్రీతో సర్దుబాటు చేయాలి. బిల్లు మీద ఎస్ఏసీ కోడ్, అంటే అది ఏ రకం సేవో తెలిపే సంఖ్య, సరిగ్గా వేయండి. ఫొటోగ్రఫీ 9983 కిందికి, లెక్కలు రాసే పని 9982 కిందికి వస్తాయి. ప్రతిఫలం వివరాల దగ్గర "ఫలానా తేదీ ఒప్పందం ప్రకారం ఫలానా నంబరు బిల్లుతో సర్దుబాటు" అని రాస్తే మరింత మంచిది.

ఎదుటివారు హోసూరులోనో హిందూపురంలోనో నమోదై ఉంటే సరఫరా స్థలం వారి రాష్ట్రమవుతుంది కాబట్టి కేంద్ర, రాష్ట్ర పన్నులకు బదులు 18 శాతం ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య సరఫరా మీద పడే జీఎస్టీ) వేయాలి. ఇది తప్పుగా వేస్తే సరిదిద్దుకోవడం పెద్ద తలనొప్పి.

పన్ను ఎక్కడ అంటుకుంటుంది

పైన చెప్పిన సమతూకం తప్పే సందర్భాలు కొన్ని ఉన్నాయి. మార్పిడికి ఒప్పుకునే ముందు ఆలోచించవలసింది వీటి గురించే.

మొదటిది, ఒకరికి నమోదు లేకపోవడం. వెబ్‌సైట్ చేసే వ్యక్తి ఏటా 20 లక్షల లోపు సేవలు అందిస్తూ నమోదు చేసుకోలేదని అనుకుందాం. అతని బిల్లు పన్ను లేకుండా 60,000. స్టూడియో యజమాని బిల్లు మాత్రం 70,800. స్టూడియో యజమాని ప్రభుత్వానికి 10,800 కట్టాలి, అతనికి రావలసిన క్రెడిట్ ఏదీ లేదు. ఆ పదివేల ఎనిమిది వందలను ఎదుటివారు డబ్బుగా ఇస్తారని ముందే రాసుకోకపోతే 35వ నియమం ప్రకారం 60,000లోనే పన్ను కలిసి ఉన్నట్టు లెక్కించవలసి రావచ్చు. 60,000ను 18తో గుణించి 118తో భాగిస్తే పన్ను సుమారు 9,153 అవుతుంది, పని విలువ 50,847కు పడిపోతుంది. అరవై వేల పని చేసి యాభై వేలకు అమ్ముకున్నట్టే. ఎదుటివారు కాంపోజిషన్ పథకంలో, అంటే చిన్న వ్యాపారులు తమ మొత్తం వ్యాపారం మీద తక్కువ శాతం పన్ను కట్టే పథకంలో, ఉన్నా ఇంచుమించు ఇదే పరిస్థితి. వారు పన్ను వేయకుండా బిల్ ఆఫ్ సప్లై మాత్రమే ఇవ్వగలరు, దాని మీద మీకు క్రెడిట్ రాదు, మీ బిల్లు మీద వారికీ రాదు. పైగా సేవల కాంపోజిషన్‌లో ఉన్నవారు మార్పిడి విలువ మీద కూడా 6 శాతం తమ చేతి నుంచి కట్టాలి.

రెండవది, క్రెడిట్ నిరోధించిన సేవలు. ఈ నగరంలో ఆంధ్రా మెస్‌లు నడిపేవారికీ, లెక్కలు రాసేవారికీ మధ్య ఇది బాగా కనిపిస్తుంది. నెలకు 6,000 విలువైన లెక్కల పనికి బదులుగా ఆఫీసులో పనిచేసే నలుగురికి మధ్యాహ్న భోజనం అనుకుంటే, ఏడాదికి రెండు వైపులా 72,000. లెక్కలు రాసే వ్యక్తి తన బిల్లు మీద 18 శాతం, అంటే 12,960 వేయాలి. హోటలు 5 శాతం పన్ను పద్ధతిలో ఉంటుంది, ఆ పద్ధతిలో ఇన్‌పుట్ క్రెడిట్ లేదు కాబట్టి ఆ మొత్తం హోటలుకు ఖర్చే. భోజనం బిల్లు మీద 5 శాతం అంటే 3,600. ఆహారం మీద క్రెడిట్‌ను 17వ సెక్షన్ ఐదో ఉపసెక్షన్ నిరోధించింది కాబట్టి అది లెక్కలు రాసే వ్యక్తికీ ఖర్చే. ఇద్దరూ కలిసి ఏడాదికి 16,560 రూపాయలు భరించాలి. అలాగని మార్పిడి మానుకోనక్కరలేదు, కానీ ఈ అంకె తెలిసి ఒప్పుకోవాలి. బ్యూటీ పార్లర్లకు, సెలూన్లకు, జిమ్‌లకు కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి క్రెడిట్ లేని 5 శాతం పద్ధతి వచ్చింది కాబట్టి వారితో చేసే మార్పిడికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

మూడవది అన్నిటికంటే ఎక్కువ నష్టం కలిగించే సందర్భం, సొంత అవసరానికి మార్చుకోవడం. ఇంటీరియర్ పని చేసే ఒక వ్యక్తి పళ్ళ డాక్టరుగారి క్లినిక్‌కు 1,50,000 విలువైన పని చేసి, బదులుగా తన భార్యాపిల్లల పళ్ళ చికిత్స చేయించుకున్నాడని అనుకుందాం. అతను 27,000 జీఎస్టీ వేయాలి. డాక్టరుగారి చికిత్స సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఆమెకు ఆ 27,000 క్రెడిట్‌గా రాదు. ఇంటీరియర్ చేసిన వ్యక్తికి 1,50,000 వ్యాపార ఆదాయంగా నిలుస్తుంది, కానీ కుటుంబ చికిత్స వ్యాపార ఖర్చు కాదు కాబట్టి అందులోంచి రూపాయి కూడా తగ్గించుకోలేడు. డాక్టరుగారి వైపు క్లినిక్ అలంకరణ మూలధన వ్యయం. ఫర్నిచరు, ఫిటింగుల మీద ఏటా 10 శాతం తరుగుదల మాత్రమే దొరుకుతుంది. చూడడానికి సమానంగా ఉన్న మార్పిడి పన్ను దగ్గరకు వచ్చేసరికి ఇద్దరికీ ఎంత వేర్వేరుగా తేలిందో గమనించండి. ఇలాంటి పనుల్లో డబ్బు తీసుకుని డబ్బు ఇవ్వడమే నయం అని నా అభిప్రాయం. పన్ను తగ్గదు గానీ, కనీసం పన్ను కట్టడానికి చేతిలో డబ్బు ఉంటుంది.

తేదీల తేడా, నూట ఎనభై రోజులు

ఒకరు మార్చిలో పని పూర్తి చేసి, మరొకరు జూన్‌లో మొదలుపెడితే చిక్కు వస్తుంది. సేవ పూర్తయిన 30 రోజుల్లోపు బిల్లు ఇవ్వాలి కాబట్టి మొదటి వ్యక్తి ఆ మేరకు బిల్లు రాసి పన్ను చేతి నుంచి కట్టాలి. అతని క్రెడిట్ మాత్రం జూన్ పని జరిగి, ఆ బిల్లు వచ్చాకే. రెండవ వ్యక్తికి ప్రతిఫలం ముందే అందినట్టు లెక్క. సేవల్లో ముందుగా అందిన ప్రతిఫలం మీద కూడా పన్ను ఉంటుంది కాబట్టి ఆ నెలలోనే రసీదు వోచరు రాసి పన్ను చూపించడం క్షేమం. వీలైనంత వరకు రెండు పనులూ ఒకే నెలలో, మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవారైతే ఒకే త్రైమాసికంలో పూర్తయ్యేలా చూసుకోండి. పెద్ద పని అయితే దశలుగా విడగొట్టి రెండు వైపులా సమానంగా బిల్లులు రాసుకోండి. ఒకరు నెలవారీ, మరొకరు త్రైమాసిక పద్ధతిలో ఉంటే త్రైమాసికం వారు మొదటి రెండు నెలల బిల్లులను ఐఎఫ్ఎఫ్ (నెలనెలా బిల్లులు నమోదు చేసే జీఎస్టీ పోర్టల్ సౌకర్యం) ద్వారా పంపితేనే ఎదుటివారి 2బీ పత్రంలో, అంటే వారికి దక్కే క్రెడిట్‌ను చూపే పట్టికలో, ఆ నెలకు క్రెడిట్ కనిపిస్తుంది.

క్రెడిట్ తీసుకున్న బిల్లుకు 180 రోజుల్లోపు పన్నుతో సహా చెల్లింపు జరగకపోతే ఆ క్రెడిట్‌ను వడ్డీతో తిరిగి కట్టాలని 16వ సెక్షన్ చెబుతుంది. మరి డబ్బే ఇవ్వని మార్పిడిలో చెల్లింపు ఏది? పుస్తకాల్లో సర్దుబాటు చేయడం కూడా చెల్లింపేనని 2019లో పశ్చిమ బెంగాల్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ (పన్ను సందేహాలపై దరఖాస్తుదారులకు ముందుగానే నిర్ణయం చెప్పే సంస్థ) ఒక కేసులో చెప్పింది. అటువంటి నిర్ణయం ఆ దరఖాస్తుదారుకు, అతని పన్ను అధికారికి మాత్రమే కట్టుబాటు అయినా, వాదన ఏ దిశలో ఉందో తెలుపుతుంది. కాబట్టి సర్దుబాటు ఎంట్రీని తేదీతో సహా 180 రోజుల్లోపు రాయడం, ఇద్దరూ ఖాతా నిల్వ సరిపోయిందని ఒక ధ్రువీకరణ ఉత్తరం ఇచ్చిపుచ్చుకోవడం తప్పనిసరి అని భావించండి.

అంతకంటే మేలైన దారి ఒకటుంది. ఇద్దరి బ్యాంకు ఖాతాల్లో ఆ మాత్రం డబ్బు ఉంటే, సర్దుబాటు మాని మీరు 70,800 వారికి పంపండి, వారు 70,800 మీకు పంపుతారు. రెండు బిల్లులు, రెండు నిజమైన పనులు, రెండు చెల్లింపులు. ఒక్క పూట డబ్బు అటూ ఇటూ తిరగడం వల్ల నూట ఎనభై రోజుల ప్రశ్న తీరిపోతుంది, విలువకు సాక్ష్యం దొరుకుతుంది, ఆదాయపు పన్నులో కూడా కొంత మేలు జరుగుతుంది. నా దగ్గరకు వచ్చే ప్రతి ఒక్కరికీ నేను మొదట ఇదే చెబుతాను.

ఇరవై లక్షల గీత

నమోదు లేనివారు మార్పిడి తమకు సంబంధం లేని విషయమని అనుకుంటారు. సేవలు అందించేవారికి ఏడాది మొత్తం వ్యాపారం 20 లక్షలు దాటితే నమోదు తప్పనిసరి. కేవలం వస్తువులు అమ్మేవారికి కర్ణాటకలో ఆ పరిమితి 40 లక్షలు. ఆ మొత్తంలో మార్పిడి విలువ కూడా కలుస్తుంది. బ్యాంకులో 19,60,000 వచ్చిన వ్యక్తి 60,000 విలువైన పనిని మార్పిడిగా చేస్తే అతని వ్యాపారం 20,20,000. గీత దాటిన రోజు నుంచి 30 రోజుల్లోపు నమోదుకు దరఖాస్తు చేయాలి.

2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కల ఆధారంగా వేలాది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు ఈ నగరంలో చాలా దుకాణాల ముందు "యూపీఐ లేదు, నగదు మాత్రమే" అన్న కాగితాలు అంటించారు. ఆ భయంలోనే కొందరు మార్పిడి వైపు మొగ్గారు. ఆ భయాన్ని నేను అర్థం చేసుకోగలను, కానీ ఆ దారిలో రక్షణ లేదు. ఎదుటివారు మీ పేరు మీద ఖర్చు రాసుకున్నా, వారి వెబ్‌సైట్ అడుగున మీ సంస్థ పేరు కనిపించినా, వారి పుస్తకాలను తనిఖీ చేసినా మీ పని బయటపడుతుంది. నోటీసు వచ్చిన రోజున కాగితాలు లేనివాడి మాట కంటే కాగితాలు ఉన్నవాడి మాటకే విలువ ఉంటుంది.

ఆదాయపు పన్ను

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 28వ సెక్షన్ నాలుగో ఖండం ప్రకారం వ్యాపారం లేదా వృత్తి వల్ల కలిగిన ప్రయోజనాన్ని డబ్బుగా మార్చుకోగలిగినా, మార్చుకోలేకపోయినా దాని విలువ ఆదాయమే. ఆ ప్రయోజనం నగదు రూపంలో ఉన్నా, మరో రూపంలో ఉన్నా ఇదే వర్తిస్తుందని 2023 ఫైనాన్స్ చట్టం స్పష్టం చేసింది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ సూత్రం మారలేదు. మన వ్యాపారులకు పాత నంబర్లే అలవాటు కాబట్టి వాటినే వాడుతున్నాను.

సాధారణ పద్ధతిలో పుస్తకాలు రాసేవారికి లెక్క ఇలా ఉంటుంది. మీ బిల్లు 60,000 ఆదాయం. ఎదుటివారి బిల్లు 60,000 పూర్తిగా వ్యాపారం కోసమే అయితే ఖర్చు. క్రెడిట్ తీసుకున్న జీఎస్టీని ఇందులో కలపకూడదు. క్రెడిట్ దొరకని జీఎస్టీని మాత్రం ఖర్చులో చేర్చుకోవచ్చు. ఎదుటి పని వల్ల ఏళ్ళ తరబడి నిలిచే ఆస్తి ఏర్పడితే అది ఒకే ఏడాది ఖర్చు కాదు, తరుగుదల రూపంలోనే వస్తుంది.

అంచనా ఆదాయ పద్ధతిలో ఉన్నవారికి లెక్క వేరు. చిన్న వ్యాపారాలకు వర్తించే 44ఏడీ సెక్షన్ కింద బ్యాంకు, డిజిటల్ మార్గాల్లో వచ్చిన వసూళ్ళ మీద 6 శాతం, మిగతా వాటి మీద 8 శాతం ఆదాయంగా చూపాలి. సర్దుబాటుతో ముగిసిన మార్పిడి బ్యాంకు ద్వారా రాలేదు కాబట్టి అది 8 శాతం వైపే పడుతుంది. 60,000 మీద 3,600కు బదులు 4,800. పైన డబ్బు అటూ ఇటూ పంపుకోమన్నప్పుడు చెప్పిన మేలు ఇదే. 44ఏడీఏ కింద వచ్చే లెక్కల నిపుణులు, ఇంటీరియర్ డిజైనర్లు, డాక్టర్లు మార్పిడి విలువలో సగం ఆదాయంగా చూపాలి. ఈ రెండు పద్ధతుల్లోనూ ఎదుటివారి బిల్లును మళ్ళీ ఖర్చుగా తగ్గించుకునే వీలు లేదు, ఖర్చులన్నీ ఆ శాతంలోనే కలిసిపోయినట్టు.

తేడా డబ్బును నగదుగా ఇవ్వకండి. ఒక వ్యక్తికి ఒక రోజులో 10,000 మించి నగదుగా ఇచ్చిన ఖర్చును చట్టం ఒప్పుకోదు.

టీడీఎస్ (ఇచ్చేవారే ముందుగా మినహాయించి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) విషయానికి వస్తే, 2022 జూలై 1 నుంచి అమల్లో ఉన్న 194ఆర్ సెక్షన్ ప్రకారం వ్యాపార సంబంధంగా ఒకరికి ఏడాదిలో 20,000 మించి ప్రయోజనం ఇచ్చేవారు 10 శాతం పన్ను మినహాయించాలి. వస్తు రూపంలో ఇస్తే, ఆ పన్ను కట్టినట్టు చూసుకున్న తరువాతే ఇవ్వాలి. అంతకుముందు ఏడాది వ్యాపారం కోటి, వృత్తి 50 లక్షలు దాటని వ్యక్తులకు ఈ బాధ్యత లేదు. కంపెనీలకు, భాగస్వామ్య సంస్థలకు ఆ మినహాయింపు లేదు. ఒక వస్తువు గురించి వీడియో చేసిన ఇన్‌ఫ్లుయెన్సర్ దాన్ని తిరిగి ఇచ్చేస్తే ప్రయోజనం కాదనీ, తన దగ్గరే ఉంచుకుంటే ప్రయోజనమేననీ ప్రత్యక్ష పన్నుల బోర్డు 2022లోనే 12వ సర్క్యులర్‌లో చెప్పింది. ఎదుటి పక్షం కంపెనీ గానీ భాగస్వామ్య సంస్థ గానీ అయితే మార్పిడికి ముందే ఆడిటర్‌తో టీడీఎస్ మాట తేల్చుకుని, ఆ మేరకు డబ్బు భాగాన్ని ఒప్పందంలో ఉంచండి.

ఇప్పటికే బిల్లు లేకుండా చేసి ఉంటే

ఈ వ్యాసం చదివేవారిలో చాలామంది ఈ స్థితిలోనే ఉంటారని నాకు తెలుసు. ముందుగా ఎదుటివారితో కూర్చుని, ఏ పని ఎప్పుడు జరిగిందో తేదీలతో రాసుకోండి, పాత ధరల ప్రకారం విలువ ఒప్పుకోండి. ఇద్దరూ కలిసే సరిదిద్దుకోవాలి, ఎందుకంటే ఒకరు మాత్రమే చూపిస్తే రెండవవారి లెక్కలో లోటు వెంటనే కనిపిస్తుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో వదిలేసిన అమ్మకాలను తరువాతి నవంబరు 30 లోపు వేసే రిటర్నుల్లో చేర్చుకోవచ్చు, ఆ ఏడాది బిల్లుల మీద క్రెడిట్‌కు కూడా అదే గడువు. ఆ తేదీ దాటితే డీఆర్‌సీ-03 అనే ఫారం ద్వారా పన్నును ఏడాదికి 18 శాతం వడ్డీతో స్వచ్ఛందంగా కట్టవచ్చు, కానీ ఎదుటివారి క్రెడిట్ చిక్కుల్లో పడుతుంది. బిల్లు ఇవ్వనందుకు 122వ సెక్షన్ కింద 10,000 లేదా ఎగవేసిన పన్ను, ఏది ఎక్కువైతే అది జరిమానాగా పడవచ్చు కాబట్టి నోటీసు రాకముందే కదలడం మేలు.

ఆదాయపు పన్ను వైపు సవరించిన రిటర్ను గడువు దాటితే, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన 48 నెలల వరకు అప్‌డేటెడ్ రిటర్ను వేసే వీలుంది. మొదటి ఏడాదిలో వేస్తే అదనంగా 25 శాతం, ఆలస్యమయ్యే కొద్దీ 50, 60, 70 శాతం కట్టాలి. అధికారులే పట్టుకుంటే, తక్కువ చూపినందుకు పన్నులో 50 శాతం, కావాలని దాచినట్టు తేలితే 200 శాతం జరిమానా ఉంటుంది. సరిదిద్దిన తరువాత ఒప్పందం, బిల్లులు, పాత ధరల సాక్ష్యం, సర్దుబాటు ఉత్తరం ఒకే ఫైలులో పెట్టి, ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల పాటు భద్రపరచండి.